పెరడు, హిత్తలు, కైతోట: మూడు ఊళ్ళ ఆడవాళ్ళ కూరాకు చరిత్ర

కొన్నాళ్ళ క్రితం తరగతిలో అనువాద అభ్యాసం చేయిస్తున్నాను. పట్టణాల్లో ఒంటరిగా ఇల్లు నడుపుకొనే పేద స్త్రీలు ఇంటి దగ్గరే కూరగాయలు పండించుకోవాలని చెప్పే ఒక కన్నడ కరపత్రం ఇచ్చి తెలుగు చేయమన్నాను. అందులో మొదటి మాటే 'కైతోట'. ఒక విద్యార్థి 'చేతితోట' అని రాసి తనే నవ్వుకున్నాడు. ఇంకొకరు 'పెరటితోట' అన్నారు. బాగేపల్లి నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం కలం కింద పెట్టి, "సార్, మేముండేది బాడిగ ఇంట్లో. ముందర రోడ్డు, వెనక ఇంకొకరి గోడ. మాకు పెరడే లేదు. పెరటితోట అని రాస్తే మా అమ్మకు ఏమర్థమవుతుంది?" అని అడిగింది.

మాట కోసం వెతుకుతూ మొదలైన ప్రశ్న మాటతో ఆగలేదు. పెరడు ఎవరికుండేది, అందులో ఏం పెరిగేది, ఆ పెరడు లేనివాళ్ళు ఏం తిని బతికారు అన్నంతవరకూ పోయింది. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పేర్లు తెలుగు సాహిత్య చరిత్రల్లో అరుదుగా కనిపిస్తాయి. కైవారం నారాయణప్పగారి కీర్తనల ప్రస్తావన వచ్చినచోట చింతామణి తాలూకా పేరు ఒకసారి వస్తుంది, అంతే. ఇవన్నీ ఒకప్పటి కోలారు జిల్లా తాలూకాలు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది. బాగేపల్లి దాటితే అనంతపురం వైపు సరిహద్దు. చింతామణి నుంచి తూర్పుగా పోతే మదనపల్లె దారి. ఇక్కడి వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు, సంతలో ఏది ముందు నోటికొస్తే అది వాడతారు. రెండు భాషల సరిహద్దు ఇక్కడ పటం మీది గీత కాదు. అది వంటింట్లో నుంచి పోతుంది. అందుకే భాషాశాస్త్రం చదివినవాడికి ఇక్కడి కూరాకుల పేర్లే మంచి పాఠం.

'పెరడు', 'హిత్తలు' రెండూ ఇంటి 'వెనుక' భాగాన్ని చెప్పే మాటలే. హిత్తలుకు పాత కన్నడ రూపం 'పిత్తిల్'. మాట మొదటనున్న పకారం కన్నడంలో హకారం కావడం పదో శతాబ్దం తర్వాత శాసనాల్లో కనబడడం మొదలై, క్రమంగా భాషంతా పాకింది. పాలు-హాలు, పులి-హులి, పువ్వు-హూవు జంటలు మనకు తెలిసినవే. పెరట్లోకి పోతే ఇంకా దొరుకుతాయి. తెలుగువాళ్ళ పొన్నగంటికూర కన్నడంలో హొన్నగొన్నె సొప్పు. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, పైపొట్టు పోయేటట్టు వేళ్ళతో పితికి వండే పప్పు మనకు పితికిన పప్పు, పక్కింటివాళ్ళకు హితికిద బేళె. వేళ్ళు చేసే పని ఒకటే, గిన్నెలో పప్పు ఒకటే. మధ్యలో ఉన్నది ఒక్క ధ్వని పరిణామం. పెరటి చెట్టు మందుకు రాదన్న సామెత కూడా రెండు భాషల్లోనూ ఉన్నది. కన్నడంలో హిత్తల గిడ అంటారు. చేతికందేదానికి విలువ ఉండదన్న సంగతి రెండు వైపులా ఒకేలా తెలిసినట్టున్నది.

ఒక పక్కదారి. మా అవ్వ ఇంట్లో స్నానాలకూ అంట్లు తోమడానికీ వాడే జాలాడి పక్కన బచ్చలితీగ ఉండేది. ఆ నీళ్ళు పోయే చోటును కన్నడంలో 'బచ్చలు' అంటారు. "బచ్చల దగ్గర బచ్చలి" అని మా ఇంట్లో పిల్లల పలుకుబడి. ఈ రెండు మాటలకూ చుట్టరికం అంటగట్టకూడదు. ఆ ఆకును కన్నడంలో 'బసళె' అంటారు, నీళ్ళు పోయే చోటుతో దానికి పని లేదు. కానీ మాటలకు లేని సంబంధం నేల మీద ఉన్నది. ఈ కరువు నేలలో పేదింటి ఆడదాని పెరడు నిలిచిందంటే ఆ వాడిన నీళ్ళ మీదే నిలిచింది. ఈ విషయం ముందుకు పోయేకొద్దీ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని ఈ నందికొండల చుట్టుపక్కలే పుడతాయని చిన్నప్పుడు బడిలో వల్లె వేయించారు. ఏరులు పుట్టే ఊళ్ళలో తాగడానికి నీళ్ళుండవన్న సంగతి బడి బయట తెలిసింది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ చెప్పినప్పుడు రాదు. అందుకే పాతకాలం వాళ్ళు చెరువులు కట్టారు. అవిభక్త కోలారు జిల్లాలో వాటి లెక్క నాలుగు వేలు దాటుతుంది. బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం ఈ జిల్లాదే. కన్నడ, తెలుగు, తమిళ శాసనాలు మూడూ అందులో ఉన్నాయి. చెరువు కట్టించినవాడికి, తూము బాగుచేసినవాడికి ఇచ్చిన దశవంద మాన్యాల మాట అందులో తరచుగా వస్తుంది. గద్దె ఉన్నది, బెద్దలు ఉన్నది, తోట ఉన్నది. రాతికెక్కేది దానమూ పన్నూ యుద్ధమూ. జాలాడి పక్కన బచ్చలితీగ పెట్టిన ఆడమనిషి రాతికెక్కదు. ఆమె చరిత్రను శాసనాల్లో వెతికి లాభం లేదు. మాటల్లోనూ వంటల్లోనూ వెతకాలి. కరువు కాగితాల్లోనూ వెతకాలి.

కరువు కాగితాలంటే ముఖ్యంగా ధాత కరువు. 1875లోనూ 1876లోనూ వానలు తప్పాయి. 1876-77 ధాత నామ సంవత్సరం కాబట్టి తెలుగువాళ్ళకు అది ధాత కరువయింది. కన్నడంలో ధాతు ఈశ్వర బర అని రెండు సంవత్సరాల పేర్లు కలిపి చెబుతారు. మైసూరు సంస్థానం అప్పుడు బ్రిటిషు కమిషనర్ల పాలనలో ఉన్నది. 1871 జనాభా లెక్కల్లో సుమారు 50 లక్షల 55 వేలుగా ఉన్న సంస్థాన జనం 1881కి 41 లక్షల 86 వేలకు దిగింది. పెరగవలసిన జనం ఎనిమిదిన్నర లక్షలకు పైగా తగ్గారు. బాగా దెబ్బ తిన్న జిల్లాల్లో కోలారు ఒకటి.

ఆ కరువులో జరిగిన ఒక వాదం మన విషయానికి దగ్గరగా వస్తుంది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు పనులకు వచ్చే మనిషికి రోజుకు ఒక పౌను గింజలూ, దాని మీద కొద్దిపాటి డబ్బూ చాలునని కూలి తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. పనిచేసే మనిషి ఒట్టి గింజలతో నిలవడని, పప్పూ కూరా కూడా కావాలని ఆయన వాదన. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. మనిషికి ఎంత తిండి చాలు అన్న ప్రశ్నను తూకపురాయితో తేల్చాలా, తట్టలో ఏమేముందో చూసి తేల్చాలా అన్నది అప్పటి నుంచి ఇప్పటిదాకా నలుగుతూనే ఉన్నది. 2013లో కర్ణాటకలో అన్నభాగ్య వచ్చింది, అదే సంవత్సరం జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. రెండూ ఆకలిని తగ్గించిన మంచి పనులే, కాదనను. అవి ఇచ్చేది ప్రధానంగా గింజలే. తట్టలో మిగతా సగం ఎవరు నింపాలి?

పాత రోజుల్లో ఆ సగాన్ని నింపినది చాలావరకు విత్తనం వేయని ఆకు. ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. తోట అంటే మనం నాటిందే అనుకుంటాం. ఈ ప్రాంతపు కూలి ఆడవాళ్ళ కూరాకులో పెద్ద భాగం ఎవరూ నాటినది కాదు. రాగి చేలో కలుపుతీతకు పోయినప్పుడు తీసిన కలుపులో తినేది ఒడిలో వేసుకుని వచ్చేవాళ్ళు. గురుగాకు, చెంచలికూర, పాయలకూర, కొయ్యతోటకూర, అటికమామిడి, తుమ్మికూర. అన్నీ కలిపి వండితే కలగూర. కన్నడంలో బెరకె సొప్పు. రెండు మాటల్లోనూ 'కలపడం' ఉన్నది. ఆ కూర, రాగిముద్ద, రెండు మిరపకాయలు, ఇంత ఉప్పు. రాగుల్లో నూరు గ్రాములకు సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని, బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుందని పోషకాహార పట్టికలు చెబుతాయి. కలుపు తీసే ఆడమనిషికి పట్టిక తెలియదు. ముద్దా ఆకూ కలిస్తే పొద్దుగూకేవరకూ ఒళ్ళు నిలుస్తుందని తెలుసు.

ఆ ఆకు ఎవరిదన్న తగాదా ఉండేది కాదు. కలుపు రైతుకు శత్రువు గనుక కూలిమనిషికి ఉచితం. ఈ ఏర్పాటు మీద రెండు దెబ్బలు పడ్డాయి. చెరువులు పూడిపోయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి, రాగి చేలు చాలాచోట్ల మల్బరీ, ద్రాక్ష, టమాటా, పూలతోటలయ్యాయి. ఆ తోటల్లో కలుపుమందూ పురుగుమందూ పడుతుంది. అక్కడి గురుగాకు కోసి తెచ్చుకోవడానికి భయం. రెండోది, ఆ కూలిమనిషి ఊరు వదిలి టౌనుకు రావడం. చింతామణి టమాటా మార్కెట్టులో గంపలెత్తే మనిషికి టమాటా దొరుకుతుంది, నలిగినవి ఊరికే కూడా దొరుకుతాయి. ఆకు మాత్రం కట్ట లెక్కన కొనాలి. రాష్ట్రానికంతా కూరగాయలు పంపే జిల్లాలో కూర కొనలేని ఆడవాళ్ళున్నారంటే బయటివాళ్ళు నమ్మరు. పండేది బెంగళూరుకూ ఆ పైకీ పోతుంది. బెంగళూరు అంతర్జాతీయ విమానాశ్రయం 2008లో దేవనహళ్ళిలో తెరిచిన తర్వాత చిక్కబళ్ళాపురం వైపు నేల ధర ఎక్కడికి పోయిందో చెప్పనక్కరలేదు. ఖాళీ స్థలమనేది సైటుగా మారింది. సైటు చుట్టూ కంపౌండు వచ్చింది, గేటుకు తాళం పడింది. లోపల పాయలకూర మొలిచినా కోసుకునే దారి లేదు.

2011 లెక్కల ప్రకారం చింతామణి జనాభా సుమారు 76 వేలు, చిక్కబళ్ళాపురం 63 వేలు, బాగేపల్లి 27 వేలు. ఇవి పెద్ద నగరాలు కావు. పల్లె తనాన్ని పూర్తిగా వదులుకోని ఊళ్ళు. అయినా పేదవాళ్ళు ఉండే వీధుల్లో 'ఇరవై ముప్పై' సైటులో ఇల్లు గోడ నుంచి గోడ దాకా కడతారు. వెనక భాగమే లేని ఇంటికి పెరడెక్కడిది?

ఇక ప్రభుత్వాలు పెరటితోటను ఎప్పుడు పట్టించుకున్నాయో క్లుప్తంగా. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మధ్యలో ఎయిక్రాయిడ్ కూనూరులో ఉన్నప్పుడు మన ఆహార పదార్థాల విలువలను పట్టికలుగా వేశారు. చవకైన ఆకుకూరలు ఖరీదైన పండ్లకు ఏమాత్రం తీసిపోవని అంకెలతో తేలింది అప్పుడే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో 'ఆహారం ఎక్కువ పండించండి' ఉద్యమం వచ్చింది. 1959లో ఒరిస్సాలో ప్రయోగంగా మొదలైన అనువర్తిత పోషకాహార కార్యక్రమం యూనిసెఫ్ వగైరా సంస్థల సాయంతో 1960లలో ఇతర రాష్ట్రాలకు పాకింది. బడితోటలు, కోళ్ళు, చేపల చెరువులు, మహిళా మండళ్ళు, పెరటితోటలు అందులో భాగాలు. ఆశించినంత ఫలితం రాలేదని, పండినది అవసరమైన పిల్లల కంచాల్లోకి, తల్లుల కంచాల్లోకి చేరలేదని తర్వాతి సమీక్షల సారాంశం. 1970లో ఏ విటమిను లోపం వల్ల పిల్లలకు వచ్చే గుడ్డితనాన్ని ఆపడానికి ఆరు నెలలకొకసారి ఆ విటమినును పెద్ద మోతాదులో నోట్లో పోసే జాతీయ కార్యక్రమం వచ్చింది. హైదరాబాదు సంస్థ పరిశోధనలే దానికి ఆధారం. అది ఎందరో పిల్లల కళ్ళు కాపాడింది. కానీ మందు మోతాదు లెక్కకు అందుతుంది, మునగచెట్టు అందదు; అధికారికి మందే సులువు. తోట సంగతి వెనకబడింది.

అయితే తోటను వదలని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఆ సంస్థలోనే పనిచేసిన మహతాబ్ బాంజీగారు తర్వాత దంగోరియా చారిటబుల్ ట్రస్టు తరఫున మెదక్ జిల్లా నర్సాపూర్ ప్రాంతపు పల్లెల్లో ఇంటితోటల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆకుకూరలు నాటించడం ఒక ఎత్తు, తినిపించడం ఇంకొక ఎత్తు అని ఆ రకమైన పనులన్నీ చెబుతాయి. తినడంలో వరస ఉంటుంది: మగవాడు, పిల్లలు, చివరికి ఆమె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, కర్ణాటకలో 47.8. కర్ణాటక అంకె తక్కువని సంతోషించేవాళ్ళు దాన్ని ఇద్దరిలో ఒకరుగా చదువుకోవాలి.

ఈ తాలూకాల్లో సంఘాల చరిత్ర వేరుగా ఉన్నది. బాగేపల్లి కేంద్రంగా 1970ల చివర మొదలైన అడాట్స్ అనే సంస్థ చుట్టూ కూలి సంఘాలు పెరిగాయి. చిక్కబళ్ళాపురం, చింతామణి తాలూకాలకూ వ్యాపించాయి. 'కూలి సంఘం' అన్న పేరే చూడండి. ఇక్కడి తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి మాట, ఎవరికీ అనువాదం అక్కరలేదు. ఆ సంఘాల ఇళ్ళలో 5,500 చిన్న గోబరు గ్యాసు గుంతలు కట్టే పథకం 2005లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద నమోదయింది. ప్రపంచానికి అది కర్బనం లెక్క. ఇంటి ఆడదానికి కట్టెలమోపు తప్పింది, కళ్ళల్లో పొగ తప్పింది. గుంతలో నుంచి వచ్చే చిక్కటి ద్రవం మొక్కలకు మంచి ఎరువు. కానీ గోబరు గ్యాసుకు పశువు కావాలి, పశువుకు చోటు కావాలి. టౌను బాడిగ ఇంటిదాకా అది రాలేదు. నాబార్డు 1992లో పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. కర్ణాటకలో 2000లో స్త్రీశక్తి సంఘాలు వచ్చాయి. వాటితో చేతికి డబ్బు వచ్చింది, బ్యాంకు మేనేజరు ముందు కూర్చునే ధైర్యం వచ్చింది. కూరాకు మడి వాటి లెక్కల పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. అప్పు గేదెకిస్తారు, కుట్టుమిషనుకిస్తారు. తోటకూర విత్తనానికి అప్పెవరు అడుగుతారు?

అంగన్‌వాడీలో గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట వేడి భోజనం పెట్టే మాతృపూర్ణ పథకం కర్ణాటకలో 2017లో మొదలైంది. మంచిది. దాని అంచుల్లో నుంచి జారిపోయే మనిషిని గుర్తుపెట్టుకోవాలి: యాభై దాటిన విధవరాలు, మొగుడు వదిలేసిన మనిషి, బిడ్డ బిడ్డను సాకుతున్న అవ్వ. ఆమె గర్భిణీ కాదు, బాలింతా కాదు, ఏ పట్టికలోనూ పడదు. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నలో ఉన్నది ఆమే.

సరే, ఆమెకు తోట సాధ్యమా? లెక్క వేసి చూద్దాం. మనిషికి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలు, అందులో 50 గ్రాములు ఆకుకూరలు ఉండాలని, గర్భిణికి ఆకుకూర 100 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చేసింది. అయిదుగురి ఇంటికి ఆకు ఒక్కటే లెక్కపెడితే రోజుకు పావు కిలో, నెలకు ఏడున్నర కిలోలు. చదరపు మీటరు మడిలో తోటకూర మూడు నాలుగు వారాలకు కోతకొస్తుంది. కిలో నుంచి రెండు కిలోలు రావచ్చు. అంటే అయిదారు చదరపు మీటర్లు, కొంత ముందు కొంత వెనక చల్లుకుంటూ పోతే, ఇంటి ఆకు వరకు జరుగుబాటు. అది నాలుగు మంచాలు వేసుకునేంత చోటు. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు పోయాలి. మొత్తం ఇరవై నుంచి ముప్పై లీటర్లు, బిందెన్నర, రెండు బిందెలు. చదువుకున్నవాళ్ళకు ఇది చిన్న అంకె. నల్లా రోజూ రాని వీధిలో, ట్యాంకరు నీళ్ళు బిందె లెక్కన కొనే ఇంట్లో, రెండు బిందెలంటే తాగేనీళ్ళతో పోటీ. విత్తనాల పొట్లం పంచిపెట్టి ఫొటో తీయించుకునే పథకాలు సాధారణంగా ఓడిపోయేది ఇక్కడే. బీన్సు, పాలకూర విత్తనాలు ఇస్తారు. అవి రోజూ నీళ్ళడుగుతాయి. మొదటి కోత అయ్యాక విత్తనం మిగలదు. వేసవి వచ్చేసరికి సంచి ఎండి, మట్టి మాత్రం మిగులుతుంది.

మా అవ్వ పెరడు ఎలా నిలిచింది? ఆమె తోటకని ఒక్క చెంబు మంచినీళ్ళు పోయలేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి పోయేవి, కాళ్ళు కడిగిన నీళ్ళూ స్నానం నీళ్ళూ బచ్చలికి. సబ్బు వాడకం తక్కువ, సీకాయా బూడిదా ఎక్కువ. ఆ నీళ్ళు మొక్కను చంపవు. ఇప్పుడు అంట్ల సబ్బు, డిటర్జెంటు వచ్చాయి. ఆ నీళ్ళను నేరుగా ఆకు మీద పోయమని నేను చెప్పను. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు మాత్రం ఇప్పటికీ రోజుకు ఒక బిందె దాకా పోగవుతాయి. అంతే పెట్టుబడి అనుకుంటే ఏం నాటాలో దానంతటదే తేలుతుంది: ఒక్కసారి నాటితే ఏళ్ళు నిలిచే మునగ, పాత రంగుడబ్బాలో పెట్టి రేకుల మీదికి పాకించే బచ్చలి, తుంచితే మళ్ళీ చిగిర్చే పొన్నగంటి, నీళ్ళు తక్కువైనా చావని పాయలకూర. ఒక పరంగిచెట్టు. బొప్పాయిని మా వైపు తెలుగులోనూ కన్నడంలోనూ అలాగే అంటారు. ఫరంగివాళ్ళతో వచ్చిన చెట్టన్న జ్ఞాపకం పేరులో నిలిచింది. కోస్తా తెలుగువాళ్ళు బెంగళూరు వంకాయ అనే కాయ కన్నడవాళ్ళకు సీమె బదనె; బెంగళూరుకు అది సీమ సరుకు, బెజవాడకు బెంగళూరు సరుకు.

కడుగునీళ్ళ సంగతికి ఈ జిల్లాలో ఇప్పుడు పెద్ద రూపం కూడా ఉన్నది. బెంగళూరు నగరం వాడి వదిలిన నీళ్ళను శుద్ధిచేసి 2018 నుంచి కోలారు చెరువులకూ, ఆ తర్వాత హెబ్బాళ-నాగవార పథకం కింద చిక్కబళ్ళాపురం చెరువులకూ ఎత్తిపోస్తున్నారు. రెండంచెల శుద్ధి చాలదు, మూడో అంచె కావాలని ఇక్కడి రైతులూ ఉద్యమకారులూ అడుగుతూ వచ్చారు. నగరం జాలాడి నీళ్ళు మనకు, మన కూరాకు నగరానికి. ఈ మారకంలో ఎవరిది లాభమో నేను తూచి చెప్పలేను. చెరువు కింద బోర్లలో నీళ్ళు ఊరిన రైతును అడిగితే ఒక జవాబు వస్తుంది, ఆ నీళ్ళు తాగవలసిన మనిషిని అడిగితే ఇంకొకటి వస్తుంది.

బయట చూస్తే పోలికలు లేకపోలేదు. 1991లో సోవియట్ సాయం ఆగిపోయాక క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలాలన్నీ కూరగాయల మళ్ళయ్యాయి. అక్కడ స్థలం ఇచ్చింది ప్రభుత్వం. 1860-1911 మధ్య నాటాల్‌కు ఒప్పందపు కూలీలుగా పోయినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. గడువు తీరిన కుటుంబాలు అనేకం డర్బన్ నగరం అంచుల్లో పల్లపు నేలలు కౌలుకు పట్టి కూరగాయలు పండించి, నగరానికి చాలాకాలం తిండి పెట్టాయి. ఆ తోటల్లోనూ అమ్మకాల్లోనూ ఆడవాళ్ళ చేయి ఎక్కువ. తర్వాత జాతి వివక్ష చట్టాలు వాళ్ళను ఆ నేలల నుంచి కదిలించాయి. మనకు మరీ దగ్గరి ఉదాహరణ జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూర్. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు బీడుపడిన నేలలు కౌలుకు తీసుకుని జొన్నలు, పప్పులు కలిపి పండించారు, విత్తనాలు తమ బుట్టల్లోనే దాచుకున్నారు, 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు చేసిన పనుల్లో నాకు ముఖ్యంగా తోచేది, విత్తనం వేయని ఆకుకూరలను కలుపు అనకుండా తిండి అని లెక్కగట్టడం. ఈ అన్నిచోట్లా తోట కన్నా ముందు తేలవలసి వచ్చింది నేల మీద హక్కే. చిక్కబళ్ళాపురంలోనూ అంతే. పురసభ ఖాళీ స్థలాలు ఉన్నాయి, బడి ఆవరణలు ఉన్నాయి, అంగన్‌వాడీల పక్క జాగాలు ఉన్నాయి. వాటిలో నాలుగు మంచాలంత చోటును ఒక మనిషి పేరున మూడేళ్ళకైనా రాసిస్తే ఆమె మునగ నాటుతుంది. రేపు ఖాళీ చేయమంటారన్న భయముంటే కొత్తిమీర కూడా చల్లదు.

ఇక మాట సంగతి. ఈ మధ్య ప్రభుత్వాలు 'పోషణ వాటిక' అంటున్నాయి. వినసొంపుగానే ఉన్నది, కానీ వాటికలో చేతులకు మట్టి అంటదు. 'పెరటితోట' అంటే పెరడు ఉండాలి. 'కైతోట' అన్న కన్నడ మాటను నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే, తోట ఎక్కడుండాలో అది చెప్పదు, ఎవరి చేతిలో ఉండాలో చెబుతుంది. అరువు తెచ్చుకోవడానికి సిగ్గుపడవలసిన మాట కాదు. పైగా బాగేపల్లి, చింతామణి తెలుగు ఇళ్ళలో అది ఎప్పుడో చేరిపోయింది. కరపత్రం అనువాదంలో 'కైతోట' అనే ఉంచమని ఆ అమ్మాయికి చెప్పాను. 'చేతితోట' రాసిన కుర్రవాడు దాదాపు గురి కొట్టాడని కూడా ఒప్పుకున్నాను.

ఆ తర్వాత సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ళమ్మనూ వీధిలోని ఆడవాళ్ళనూ అడిగి ఆకుల పేర్లు రాసుకురమ్మన్నాను. రెండు పుటలు తెచ్చింది. అందులో కొన్ని పేర్లకు నాకు కన్నడం తెలుసు తెలుగు తెలియదు, కొన్నింటికి తెలుగు తెలుసు ఆకును చూడలేదు. ఒక పేరు ఎదుట మాత్రం ఆమె ఏ భాష అని రాయలేదు. అడిగితే, "అమ్మకు కూడా తెలీదు సార్, వాళ్ళ అవ్వ అనేదంట" అన్నది. గౌరిబిదనూరు, గుడిబండ, శిడ్లఘట్ట, శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చే విద్యార్థులు కూడా ఇలాంటి పుటలు తెస్తే పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆకు ఎండబెట్టి కాగితం మధ్య పెట్టి తెండి. పేరు చెప్పినవారి ఊరు, వయసు రాయండి. వాళ్ళు దాన్ని ఏ నెలలో, దేనితో కలిపి వండుతారో కూడా రాయండి.